పెద్దాయన, చిన్నోడు, మధ్యలో దూది

“ట్రబుల్ తగ్గించు బావా.”

పోయిన వారం కథ ఈ మాట దగ్గరే తెగింది, బిగించిన గిటారు తీగ తెగినట్టు. నిండు హాల్లో, పాటకీ పాటకీ మధ్య, వెనక సౌండు బల్ల దగ్గరున్న బావమరిది స్టేజీ మీదివాళ్ళకి మాత్రమే వినిపించే చిన్న స్పీకర్లోంచి పంపిన మాట. తీగలాయన చెవికి అలా చేరింది. ఇన్నేళ్ళుగా ఆ హాలు బ్యాండులో గిటారు వాయిస్తున్నవాణ్ణి, పైగా సొంత అక్క మొగుణ్ణి, పట్టుకుని ట్రబుల్ అంటాడా అని ఆయనకి ఒళ్ళు మండింది. షో అవగానే తిన్నగా మేనేజరు గదికి పోయి, “ఉంటే నేనూ మా పెద్దాయనా ఇద్దరం ఉంటాం, పోతే ఇద్దరం పోతాం” అని శపథం చేసి వచ్చాడు. శబ్దం కోసం చేసిన శపథం.

పెద్దాయనంటే మనిషి కాదు, వాల్వుల ఆంప్లిఫయరు. గురువుగారు పోతూ పోతూ చేతిలో పెట్టి పోయింది. స్విచ్చి వేయగానే పలకడు. ముందు దగ్గుతాడు. తర్వాత వెనక జాలీలో గాజు గొట్టాలు నెమ్మదిగా ఎర్రబడతాయి. ఒళ్ళు వెచ్చబడితే గానీ నోరు విప్పడు. ఎత్తడానికి ఇద్దరు కావాలి, దించాక ఆ ఇద్దరికీ నడుము పట్టేస్తుంది. చిన్నోడంటే బావమరిది తెచ్చిన డిజిటల్ డబ్బా. చంకలో ఇమిడిపోతాడు. ఏ ఆంప్లిఫయరు గొంతు కావాలంటే ఆ గొంతుతో మిమిక్రీ చేస్తాడు. దీన్ని మోడలింగ్ అంటారు బావా అని వాడు చెప్పబోతే, “మోడలింగుకి మొహం ఉంటే చాలురా, పాటకి గొంతుండాలి. వాల్వు ఉన్నవాడికే విలువ” అని తీగలాయన అవతల పారేశాడు.

మేనేజరుని అందరూ గడియారం అంటారు. ఎవరేం చెబుతున్నా చేతి వాచీ చూసుకుంటూ వినే అలవాటు ఆయనది. శపథం కూడా అలాగే విని, “మొదటి వరుసలవాళ్ళు లేచి వెనక్కి పోతున్నారు మాస్టారూ. ఇకమీదట స్టేజీ మీద ఆంప్లిఫయర్లు వద్దనుకుంటున్నాం. ఆదివారం షోకి ముందు చెప్పండి. డబ్బా అయితే మీరే వాయిస్తారు. కాదంటే ఇంకొకర్ని చూసుకుంటా” అన్నాడు.

ఇవాళ ఆదివారం.

మధ్యాహ్నం. హాల్లో కుర్చీలన్నీ నోళ్ళు ముడుచుకుని ఉన్నాయి. స్టేజీ మీద తీగలాయన మోకాళ్ళ మీద కూర్చుని పెద్దాయన వీపు విప్పి, కొత్త వాల్వు ఒకటి గుడ్డతో పట్టుకుని గూట్లో కూర్చోబెడుతున్నాడు. ఈ మధ్య పెద్దాయన గొంతు మందగించింది. దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది. ఈ సంగతి ఆయన ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. అంటే చిన్నోడి పార్టీవాళ్ళకి సందు దొరుకుతుంది. అందుకని ఎవరికీ తెలియకుండా వాల్వులన్నీ మార్చేస్తున్నాడు. ఇది గనక ఫలించకపోతే ఆంపుకి అంపకాలు పెట్టాల్సిందే. ఆంపు వెళ్ళిపోయాక తనకి మిగిలేది అంపశయ్యే.

“అయిందా మాస్టారూ?” అన్నాడు డ్రమ్ముల వెనకనుంచి దరువు. డ్రమ్ములు వాయిస్తాడు కాబట్టి ఆ పేరు. తిండి దగ్గర కూడా అదే జోరు కాబట్టి ఆ పేరు ఇంకా గట్టిపడింది.

“అయింది. ఇప్పుడు చూడు.”

స్విచ్చి పడింది. పెద్దాయన దగ్గాడు. కొత్త గొట్టాలు ఎర్రబడ్డాయి. తీగలాయన గిటారు మెళ్ళో వేసుకుని, కళ్ళు మూసుకుని, మీటాడు.

దుప్పటి అలాగే ఉంది.

ఇంకోసారి మీటాడు. కళ్ళు తెరిచేసరికి, మైకు దగ్గర నిలబడాల్సిన పాటలావిడ తెర వెనక్కి వెళ్ళిపోయి ఉంది. పాటలావిడంటే ఆయన భార్యే, ఆ బ్యాండు గొంతు ఆమెదే. దరువు ఉన్నట్టుండి దాహమంటూ మంచినీళ్ళ కోసం పరుగెత్తాడు. సౌండు బల్ల దగ్గర బావమరిది తల వంచుకుని లేని వైరుని వెతుకుతున్నాడు.

“ఏం, ఎవరూ మాట్లాడరేం?” అన్నాడు తీగలాయన. “ఒరేయ్ బావమరిదీ, నీ బల్లకి నోరు లేదా?”

“నాతో మాట్లాడనన్నావుగా బావా.”

“మాట్లాడనన్నాను. అడగనన్నానా?”

బావమరిది లేచి వచ్చాడు. చంకలో చిన్నోడు. “ఒక పని చేద్దాం బావా. మేనేజరు వచ్చేలోగా మనలో మనం తేల్చుకుందాం. నువ్వు వెనక్కి తిరిగి నిలబడు. ఒకసారి పెద్దాయన, ఒకసారి చిన్నోడు. ఏది ఏదో నువ్వే చెప్పు. నువ్వు సరిగ్గా చెబితే నా డబ్బాని నేనే బయట పారేస్తా.”

“బయట పారెయ్యకు, జనం తొక్కి పడతారు. చెత్తబుట్టలో వెయ్యి.”

పెద్దాయన్ని తీగలాయనా, తిరిగొచ్చిన దరువూ కలిసి స్టేజీ పక్క మేకప్ గదిలోకి మోశారు. ముందు మైకు పెట్టి తలుపు మూస్తే, పెద్దాయనైనా చిన్నోడైనా హాలు స్పీకర్లలోంచే వినిపిస్తారు. ఎటునుంచి వస్తోందో చూసి చెప్పేసే వీలుండదు. వాయించడానికి పాటలావిడ గిటారు అందుకుంది. పెళ్ళైన కొత్తలో తీగలాయన నేర్పిన మూడు కార్డ్స్, అంటే కలిపి మీటే స్వరాలు, ఆమెకి ఇంకా వచ్చు. నాలుగోది నేర్చుకునేలోగా ఇద్దరికీ సంసారం వచ్చిపడింది.

“నేనొకసారి గదిలోకెళ్ళి వైర్లు చూసొస్తాను” అందామె.

“తిప్పే నాబులు ముట్టుకోకు. ఎక్కడున్నవి అక్కడే ఉండాలి.”

ఆమె విన్నదో లేదో, వెళ్ళి వచ్చింది.

తీగలాయన హాలు మధ్యకి వచ్చి, స్టేజీకి వీపు తిప్పి నిలబడ్డాడు. ఎదురుగా బయటికి పోయే తలుపు. దాని మీద ‘బయటికి’ అని రాసి ఉంది. ఆ మాట తనకోసమే రాసినట్టు అనిపించి చూపు తిప్పుకున్నాడు.

మూడు కార్డ్స్ మోగాయి.

“చిన్నోడు” అన్నాడు వెంటనే. “ఇంత చప్పగా వాడే పలుకుతాడు.”

మళ్ళీ మూడు కార్డ్స్.

“ఇదీ వాడే. మార్చరా.”

మళ్ళీ.

“ఒరేయ్, నన్ను ఆటపట్టిస్తున్నావా? పెద్దాయన్ని ఎప్పుడు వదులుతావు? అన్నీ వాడే. అన్నీ దుప్పట్లోంచే.”

హాల్లో స్పీకర్ల సన్నటి హోరు మిగిలింది. అది కూడా ఆయనకి వినిపించలేదనుకోండి.

“బావా,” అన్నాడు బావమరిది మెల్లిగా, “మొదటిది పెద్దాయన. మూడోది కూడా.”

తీగలాయన మొహంలో రంగులు మారాయి. స్టేజీ ఎక్కి, మేకప్ గది తలుపు తోసుకుని లోపలికి పోయాడు. పెద్దాయన నుదుటి మీద వరసగా నాబులు. ఒక్కో నాబు పక్కన గురువుగారు తన చేత్తో పెట్టిన తెల్ల రంగు చుక్క. వాల్యూము ఇక్కడ, మంద్రానికి బేస్ ఇక్కడ, పైస్వరాలకి ట్రెబుల్ ఇక్కడ అని ఆ చుక్కలే చెబుతాయి. ఇప్పుడు నాబులన్నీ సరిగ్గా చుక్కల మీద ఉన్నాయి.

“ట్రెబుల్ ఎవరు తిప్పారు?”

“నేనే” అంది పాటలావిడ గుమ్మంలోంచి. “గురువుగారి చుక్క మీదికి తెచ్చాను. అది చివరికంటా తిరిగి ఉందండీ. ఇంక తిరగడానికి చోటు కూడా లేదు.”

“అలా ఉంటేనే అది పలుకుతుంది. చుక్క మీద పెడితే మూగదైపోతుంది. రా, విను.”

ఆయన నాబుని చివరికంటా తిప్పి, తలుపు బార్లా తెరిచి, ఆమె చేతిలోంచి గిటారు లాక్కుని, బలమంతా పెట్టి మీటాడు.

ఆయనకి అది హాయిగా ఉంది. ఇంకాస్త పదునుంటే బాగుండేదనిపించింది. అటు డ్రమ్ముల దగ్గర ఇత్తడి పళ్ళెం దానంతటదే జిరజిరలాడింది. మళ్ళీ నీళ్ళకెళ్ళి గ్లాసుతో అప్పుడే వస్తున్న దరువు ఒక చెవిని భుజానికి, ఇంకో చెవిని గ్లాసుకి ఆనించి వంగిపోయాడు, నీళ్ళన్నీ చొక్కా తాగింది. బావమరిది చెంప మీద దెబ్బ తిన్నవాడిలా మొహం తిప్పుకున్నాడు. పాటలావిడ రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుంది. ఆ కంగారులో ఆమె ఎడమ చెవిలోంచి తెల్లటిదేదో ఊడి కింద పడింది.

తీగలాయన తీగల మీద అరచెయ్యి వేసి ఆపాడు. వంగి దాన్ని తీశాడు.

దూది.

స్టేజీ మీద ఆమె ఎప్పుడూ ఆయన కుడిపక్కన నిలబడుతుంది. ఎడమ చెవి ఆంప్లిఫయరు వైపు.

“దూది ఎందుకని అడిగితే జలుబు అన్నావు” అన్నాడు.

“అవునండీ.”

“ఎన్ని జలుబులే నీకు? ఎండాకాలం కూడా తగ్గని జలుబా?”

అక్క మాట్లాడకపోయేసరికి తమ్ముడికి నోరు వచ్చింది. “అక్కని అనకు బావా. తప్పు నాది. అన్నీ చెప్పేస్తా. మొదటి వరుసలవాళ్ళు తప్ప హాల్లోవాళ్ళు చాలాకాలంగా పెద్దాయన్ని వినడం లేదు. పెద్దాయన ముందు మైకు ఉంటుంది, నా బల్ల మీద దాని శబ్దం పెంచే మీట, ఫేడరు, పూర్తిగా కిందికి ఉంటుంది. నీ గిటారు వైరుకి నేనొక చిన్న పెట్టె తగిలించాను గుర్తుందా? గుర్రుమనే శబ్దం పోతుందన్నాను. అది అందుకు కాదు. నీ వాయింపుని రెండు దారులు చేస్తుంది. ఒక దారి పెద్దాయన దగ్గరికి, నీ కోసం. ఇంకోటి బల్ల కింద చిన్నోడి దగ్గరికి, జనం కోసం.”

“అంటే చప్పట్లు...”

“నీ వేళ్ళకే బావా. గొంతు మాత్రం వీడిది.”

తీగలాయన అక్కడున్న మేకప్ కుర్చీలో కూలబడ్డాడు. చుట్టూ బల్బులున్న అద్దంలో తన మొహమే తనకి వేషంలా కనిపించింది. కిందటి వారం ఒక పెద్దమనిషి స్టేజీ ఎక్కి చెయ్యి పట్టుకుని, “ఆ గిటారు మోత మనసులోకి దిగిపోయింది” అన్నాడు. ఆ రాత్రి ఇంటికెళ్ళేముందు ఆయన పెద్దాయన నెత్తి మీద చెయ్యి వేసి నిమిరాడు కూడా.

“అయితే నువ్వు పాడుతున్నప్పుడల్లా నీకు తెలుసు” అన్నాడు భార్యతో.

“తెలుసు. నేనే చెయ్యమన్నాను వాణ్ణి.”

“బాగుంది. నా చెవిలో పువ్వు పెట్టి, నీ చెవిలో దూది పెట్టుకున్నావన్నమాట.”

మామూలు రోజైతే ఈ మాటకి దరువు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఇవాళ గ్లాసు కేసి చూస్తూ నిలబడ్డాడు.

“మీకు చెప్పలేకపోయానండీ” అందామె. “పెద్దాయన్ని ఒక్కమాట అంటే మీరు రెండ్రోజులు అన్నం మానేస్తారు. ఇదెలా చెప్పను? వాడు ఊరికే చెయ్యలేదు. చూడండి.”

బావమరిది చిన్నోణ్ణి బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. చిన్న తెర వెలిగింది. దాని మీద అక్షరాలు: పెద్దాయన.

“కొన్నేళ్ళ కిందట, నాబులు చుక్కల మీదున్నప్పుడు, మైకు పెట్టి దీంట్లోకి కాపీ తీసి ఉంచాను” అన్నాడు. “ఎప్పుడైనా పెద్దాయనకి ఏమైనా అయితే నీకు ఇద్దామని. బయట జనం వింటున్నది వేరే ఎవర్నో కాదు బావా. అప్పటి పెద్దాయన్నే.”

“అప్పటి వాడు బాగున్నాడు, ఇప్పటి వాడు చెడిపోయాడు. నేనూ అదేగా అంటున్నది. వాల్వులు మార్చాను, ఫలించలేదు. ఇంకేదో పోయింది లోపల. ట్రాన్స్‌ఫార్మరేమో.”

బావమరిది అక్క వైపు చూశాడు. ఆమె కళ్ళతోనే వద్దంది. తర్వాత తనే తల దించుకుంది.

“చివరిది ఒక్కటి చేద్దాం బావా. ఈ డబ్బాలోంచి సన్నగా ఒక కూత వస్తుంది. పోనుపోను పైకి వెళ్తుంది. అందరం చెయ్యెత్తుదాం. ఎవరికి వినపడటం మానేస్తే వాళ్ళు దించెయ్యాలి. పెద్దాయన ఊసే లేదు ఇందులో.”

నలుగురూ చేతులెత్తారు, బడిలో పిల్లల్లాగా. కూత మొదలైంది. కింద ఈల, పైన ఇంకో ఈల, ఇంకా పైన. తీగలాయనకి అది సన్నబడి, దారంలా అయి, తెగిపోయింది.

“ఆగింది” అని చెయ్యి దించాడు.

మిగతా మూడు చేతులూ దిగలేదు.

ఆయన దరువు చేతిని చూశాడు. జీవితమంతా డ్రమ్ముల మధ్య కూర్చున్నవాడు, వాడి చెయ్యీ పైనే ఉంది. బావమరిది చెయ్యి పైనే ఉంది. భార్య చెయ్యి, గాజులు మోచేతి దాకా జారి, పైనే ఉంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా దించడం లేదు. వింటున్నదాన్ని వినలేదని అబద్ధమాడటం ఆమెకి చేతకాదు. ఆయనకి మాత్రం ఆ గదిలో ఏమీ లేదు. మూడు చేతులు, నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వాళ్ళు ముగ్గురూ ఏదో వింటున్నారు.

ఎంతోసేపటికి దరువు చెయ్యి దిగింది. తర్వాత తక్కిన రెండూ.

“మా ఆవిడ ఎప్పుడూ అంటుంది, నేను ఎవరి మాటా చెవిన పెట్టనని” అన్నాడు తీగలాయన. నవ్వబోయాడు. “పెట్టకపోవడం కాదు, పట్టడం లేదన్నమాట. చెవిలోనే చేవ లేదు.”

“ఫ్యాను వెయ్యమంటే పెన్ను తెచ్చిచ్చేవారు” అంది పాటలావిడ. “నేనూ నవ్వాను. మీరు కావాలనే హాస్యమాడుతున్నారనుకున్నాను. నవ్వానండీ నేను.”

పెద్దాయన లోపల వాల్వులు ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి. కొత్తవి. వాటిలో ఏ లోపమూ లేదు. పాతవాటిలోనూ లేదేమో.

అప్పుడు హాలు తలుపు తెరుచుకుంది. బూట్ల చప్పుడు. గడియారం.

బావమరిది గభాలున బావ భుజం పట్టుకున్నాడు. “బావా, ఏమీ చెప్పకు. డబ్బాకి ఒప్పుకున్నావని నేనంటాను. నీ ఉద్యోగం నీకుంటుంది. ఈ సంగతి మన నలుగురి మధ్యే ఉండిపోతుంది. వినపడని గిటారిస్టుని ఏ మేనేజరు ఉంచుకుంటాడు చెప్పు?”

“నాకేం తెలీదు, నేను నీళ్ళు తాగడానికి వెళ్ళాను” అన్నాడు దరువు, తన వంతు సాయంగా.

తీగలాయన లేచాడు. తప్పించుకునే దారి కళ్ళముందే ఉంది. డబ్బా సరేనంటే చాలు, రేపు కూడా ఇదే స్టేజీ, ఇవే చప్పట్లు. ఆయన చేతిలో ఇంకా దూది ఉంది. ఆ దారిన పోతే ఇంట్లో ఎవరికీ ఇక ఆయనతో నిజం చెప్పే ధైర్యం ఉండదు. జీవితాంతం అందరికీ జలుబే.

మేనేజరు మేకప్ గది గుమ్మంలోకి వచ్చి వాచీ చూసుకున్నాడు. “చెప్పండి మాస్టారూ. పెద్దాయనా? చిన్నోడా?”

“సార్, బావ ఒప్పుకున్నాడు...”

“నువ్వుండరా” అన్నాడు తీగలాయన. “మేనేజరుగారూ, ముందు ఒక సంగతి సరిచెయ్యాలి. వీడు ఆ రోజు నన్ను ట్రబుల్ తగ్గించమన్నాడని మీ గదికొచ్చి గొడవ చేశాను. వీడు ట్రబుల్ అనలేదు.”

“మరి?”

“ట్రెబుల్ అన్నాడు. ట్రెబుల్ తగ్గించు బావా అన్నాడు. ఇదిగో ఈ నాబు. స్పష్టంగానే అన్నాడు, తప్పు మైకుదీ కాదు, వాడి నోటిదీ కాదు. నా చెవులు పోతున్నాయి. పైస్వరాలు నాకు వినపడటం లేదు. అందుకని నాబు తిప్పాను, తిప్పుతూనే పోయాను. మీ మొదటి వరుసలవాళ్ళు వెనక్కి పోయింది అందుకు. మా ఆవిడ దూది పెట్టుకున్నది అందుకు. పెద్దాయనకి ఏ రోగమూ లేదు. రోగమంతా నాది. ఆయన చుక్కల మీద ఉంటే బంగారంలా పలుకుతాడట, వీళ్ళు చెబుతున్నారు. నేను నమ్మాల్సిందే, వినలేను కాబట్టి. కనక ఏది మంచిదో తేల్చేవాణ్ణి నేను కాను.”

“ఓ, ట్రెబులా” అన్నాడు దరువు తనలో తను. వారం రోజులుగా ఆ ఇంట్లో బావా బావమరుదులు ఎందుకు మాట్లాడుకోవడం లేదో అతనికి ఇప్పుడు అర్థమైంది. అందరికీ అర్థమైంది.

మేనేజరు ఇదివరకెన్నడూ ఎవరూ చూడని పని ఒకటి చేశాడు. చేతి వాచీ విప్పి, చూడకుండానే జేబులో వేసుకున్నాడు.

“తలుపు మూయండి” అన్నాడు. “నేను మొదటి వరుసలో కూర్చుంటాను. ఇద్దర్నీ వినిపించండి. ఏది ఎవరో చెప్పొద్దు. ఎవరు నెగ్గినా వాయించేది మాస్టారే. నాబు మాత్రం అమ్మగారి చేతిలో ఉండాలి.”

ఆయన వెళ్ళిపోయాడు. ఖాళీ హాల్లో ఒక కుర్చీ తెరుచుకున్న చప్పుడైంది. తీగలాయన గిటారు మెళ్ళో వేసుకున్నాడు. పాటలావిడ పెద్దాయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తెల్ల చుక్క కోసం వేలితో తడిమి, ట్రెబుల్ నాబుని దాని మీదికి తిప్పింది. తర్వాత రెండో చెవిలోంచి కూడా దూది తీసేసి, పెద్దాయన నెత్తి మీద పెట్టింది.